కింది గదిని ఏమనాలి?

ఆసుపత్రిలో అందరూ ఆమెను లిఫ్టమ్మ అనేవారు. ఎక్కేవాళ్లు ఎక్కాక తలుపు మూయడం, అంతస్తు రాగానే దాని పేరు గట్టిగా చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ ఇనుప డబ్బాలో రోజంతా ఎలా ఉంటావని ఎవరైనా జాలిపడితే నవ్వేసేది. ఎక్కే మనుషుల మొహాలు, వాళ్ల మాటలు ఆమెకు చాలినంత కాలక్షేపం. చిన్నప్పటి నుంచీ ఆమెకు మాటలంటే ఆరా ఎక్కువ. ఒకే వస్తువుకు రెండు పేర్లు వినబడితే, ఆ రెండోది ఎందుకొచ్చిందో తెలిసేదాకా ముద్ద దిగేది కాదు.

వినికిడి పరీక్షల గది మొదట పై అంతస్తులో ఉండేది. వీధిలో హారన్ల మోత తిన్నగా ఆ కిటికీలోకే వచ్చేది. విసిగిపోయి దాన్ని నేల అడుగున, విరిగిన మంచాలు పడేసే గదిలోకి మార్చారు. “ఇక్కడైతే చీమ తుమ్మినా వినబడుతుంది” అని పరీక్షలు చేసే డాక్టరమ్మ సంబరపడింది. చిక్కంతా లిఫ్టమ్మకు వచ్చిపడింది. ఆ అంతస్తును ఏమని పిలవాలి?

మొదటిరోజు “సెల్లార్” అంది. చెవి సరిగా వినబడని పెద్దాయన ఒకరు చిరాకుపడ్డాడు.

“సెలవా? ఆ ముక్క గేటు దగ్గరే చెప్పొచ్చుగా!”

ఆయన్ని ఆపేసరికి తలప్రాణం తోకకొచ్చింది. చెవులు బాగున్న ఇంకొకాయన, “నేను బండి తేలేదమ్మా, సెల్లార్‌లో నాకేం పని?” అన్నాడు.

మర్నాడు “బేస్‌మెంట్” అని చూసింది. కాంక్రీటు మిషన్ల మోతకు చెవులు దెబ్బతిన్న తాపీమేస్త్రి ఒకడు తల గోక్కున్నాడు. “బేస్‌మెంట్ అంటే పునాది మట్టమేగా, అక్కడిదాకేనా కట్టారు? పైన ఇంత బిల్డింగు కనబడుతోందే!”

అప్పుడు మొదలైంది ఆమెకు సరదా. రోజుకో మాట అనేది, మొహాలు చూసేది. “సొరంగం” అంటే పిల్లలు ఎగిరి గంతేశారు, వాళ్ల అమ్మలు చేతులు గట్టిగా పట్టుకున్నారు. “నేలమాళిగ” అంటే ఒక ముసలావిడ గొంతు తగ్గించి, “నిధులేమైనా ఉన్నాయా అమ్మా?” అని అడిగింది.

చెవి మిషను సరిచేయించుకోవడానికి రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన వచ్చేవాడు. ఆయన ఎక్కగానే లిఫ్టమ్మ పట్టుకుంది.

“మాస్టారూ, నేలమాళిగా సొరంగమూ ఒకటేనా?”

“ఒకటెలా అవుతాయమ్మా? సొరంగంలో ఇటు దూరితే అటు తేలొచ్చు. నేలమాళిగలో దిగినచోటే ఎక్కాలి.”

“మరి గుహ?”

“అది ఎవరూ కట్టకపోయినా ఉంటుంది.”

“భూగృహం అంటారే?”

“నేలమాళిగే. కాస్త ఇస్త్రీ చేసిన మాట.”

“పాతర?”

“ధాన్యం దాచే గొయ్యి. పాతిపెట్టడంలోంచి పుట్టింది. అందుకే దేన్నయినా మళ్లీ లేవకుండా చేస్తే పాతరేశారంటాం.”

ఈ మాటల్లో పడి ఇద్దరూ లిఫ్టు సంగతే మరిచిపోయారు. వెనకనుంచి ఎవరో, “అమ్మా, మమ్మల్ని దింపేసి చెప్పుకోండి!” అని మొత్తుకున్నారు.

లిఫ్టమ్మ ఇంట్లోనూ ఒక వినికిడి సమస్య ఉంది. అత్తగారికి చెవులు మందగించి చాలాకాలమైంది. ఆవిడ టీవీ పెడితే పక్కింటివాళ్లు వార్తలు వినేవారు. “నాకు వినబడకపోవడమేంటి, మీరే గొణుగుతారు” అని ఇన్నాళ్లూ దబాయించిన మనిషి, ఎలాగో పరీక్షకు ఒప్పుకుంది. తీరా ఆ గది నేల కిందికి మారిందని తెలిసి మొండికేసింది. కారణం చెప్పదు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర లిఫ్టమ్మ తాను పోగేసిన మాటలన్నీ అత్తగారి చెవి దగ్గర ఒక్కొక్కటే గట్టిగా చెప్పింది, నవ్వించి ఒప్పిద్దామని. నేలమాళిగ అన్నా భూగృహం అన్నా ఆవిడ తల అడ్డంగానే ఊపింది. “పాతర” అనగానే మాత్రం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

“అందులోకి నేను దిగాను” అంది.

“ఎప్పుడత్తయ్యా?”

“చిన్నప్పుడు. సన్నగా ఉంటానని నడుముకు తాడు కట్టి, గింజలు తోడమని దింపారు. అడుక్కి వెళ్లేసరికి దీపం ఆరిపోయింది. పైనుంచి మా నాన్న గొంతు చించుకుని పిలుస్తున్నాడట. నాకు ఒక్క మాటా వినబళ్లేదు. పైకి లాగేసరికి గాలాడక నాకు స్పృహే లేదు.”

లిఫ్టమ్మ ఊళ్లోవాళ్లందరినీ ఆరా తీసింది గానీ, ఈ ఇంట్లో ఇన్నేళ్లుంటూ ఈ సంగతి ఎరగదు. అత్తగారి పక్కకు జరిగి కూర్చుంది.

“పేర్ల గోల వదిలేద్దాం అత్తయ్యా. ఒక్కసారి వచ్చి చూడండి. ఊపిరాడనట్టు అనిపిస్తే చెయ్యెత్తండి, వెంటనే పైకి తెచ్చేస్తా.”

లిఫ్టమ్మకు డ్యూటీ లేని రోజు ఇద్దరూ వెళ్లారు. లిఫ్టు కిందికి దిగుతుంటే అత్తగారు కోడలి మణికట్టు వదల్లేదు. తలుపు తెరుచుకున్నాక గడప దాటకుండా ముందు ముక్కుతో గాలి పీల్చింది. గోడ పైభాగాన చప్పుడు రాకుండా బిగించిన చిన్న అద్దాల కిటికీ ఉంది. అందులోంచి వీధిలో నడిచేవాళ్ల కాళ్లు కనబడుతున్నాయి. ఆవిడ ఆ చెప్పుల్ని, బూట్లను చాలాసేపు చూసింది.

“అంతా మనకన్నా పైనున్నారే!” అంది ఆశ్చర్యంగా. తర్వాత తనంతట తానే లోపలి అద్దాల గదిలోకి వెళ్లి కుర్చీలో కూర్చుంది.

పరీక్షకు ఆ గది తలుపు మూయక తప్పదు. డాక్టరమ్మ, కోడలిని అద్దానికి ఎదురుగా నిలబడమంది. అత్తగారు చప్పుడు వినబడినప్పుడల్లా బటన్ నొక్కుతూ, మధ్యమధ్య కోడలు అక్కడే ఉందా లేదా అని చూసుకుంటూ పరీక్ష పూర్తిచేసింది. చెయ్యెత్తలేదు.

మిషను పెట్టించుకున్నాక దారంతా ఫిర్యాదులే. ఆటో మోత ఎక్కువట, చీర గరగరలాడుతోందట, తన చెప్పులే తనను తరుముతున్నాయట. ఇంటికి రాగానే దాన్ని తీసి డబ్బాలో పెట్టేసింది.

మర్నాడు పొద్దున్న పనికి బయల్దేరుతుంటే అత్తగారు చెవికి మిషను తగిలించుకుని గుమ్మంలోకి వచ్చింది.

“అమ్మాయీ, రోజంతా ఆ లిఫ్టు డబ్బాలో ఏం చేస్తావే నువ్వు?”

ఇన్నేళ్లలో ఆవిడ ఆ మాట అడగడం అదే మొదటిసారి. లిఫ్టమ్మ చెప్పులు విడిచి లోపలికొచ్చి, సెలవనుకున్న పెద్దాయన దగ్గర్నుంచి చెప్పుకొచ్చింది. అత్తగారు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ రోజు లిఫ్టమ్మ పనికి ఆలస్యంగా వెళ్లి చీవాట్లు తింది.