నూలుపోగంత నూనె

మా అత్తయ్యకు పళ్ళన్నీ పీకించేసిన రోజుల్లో మా ఇంట్లో అందరికంటే గట్టిగా నోరు కట్టుకున్నది నేనే. నేను నోరు తెరిస్తే వేళాకోళం వస్తుంది. వేళాకోళానికి ఆవిడ నవ్వుతుంది. నవ్వితే చిగుళ్ళు లాగుతాయి. అందుకని ఇంటిల్లిపాదీ నన్ను మాట్లాడవద్దని బతిమాలుకున్నారు. పెళ్ళయినప్పటి నుంచి మా ఆయన మొక్కుకుంటున్న మొక్కు అలా తీరింది.

పుండు మానాక కట్టుడు పళ్ళు పెడతామనీ, అందాకా మెత్తటివి తినమనీ డాక్టరుగారు చెప్పారు. మెత్తటివంటే పెరుగన్నం, జావ, ఇడ్లీ. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ గోంగూర అన్నం తినే మనిషి ఆవిడ. మా మంగళగిరి ఇంట్లో మగ్గం పక్కన రాట్నం ముందు కూర్చుని, మా ఆయన నేతకు కావలసిన నూలంతా కండెలకు చుట్టేది ఆవిడే. అలాంటి మనిషికి ఇడ్లీ పెడితే వేలితో నొక్కి చూసి, "దూది పెట్టావేంటే? పత్తికి తిరిగొచ్చామా మళ్ళీ?" అని పక్కకు నెట్టేది.

మొదట్లో నేనూ నవ్వాను. తరవాత ఆవిడ జాకెట్లు వదులయ్యాయని పక్కలు పట్టి కుట్టాను. కొన్నాళ్ళకే అవే జాకెట్లు మళ్ళీ పట్టాల్సి వచ్చింది. ఆ రెండోసారి సూదిలో దారం ఎక్కిస్తుంటే నాకు వేళాకోళం రాలేదు. వెనక రాట్నం చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయేది. చెయ్యి అలిసిపోతోందని ఆవిడ చెప్పలేదు. దాహమేస్తోందని లేచి వెళ్ళి పడుకునేది.

అలాంటప్పుడు మా అమ్మాయి పుట్టినరోజు వచ్చింది. అది విజయవాడలో కాలేజీ హాస్టల్లో ఉండి చదువుతోంది. బెంజ్ సర్కిల్ దగ్గర హోటలుకు తీసుకెళ్ళమని పేచీ పెట్టింది. ముగ్గురం బస్సెక్కి వెళ్ళాం. మాకు పెద్ద పళ్ళెంలో మందీ, అదే మాంసం పేర్చిన అరబ్బు అన్నం, వచ్చింది. అత్తయ్య మాంసం సరేసరి, గుడ్డు కూడా ముట్టదు కాబట్టి ఆవిడకు రొట్టె, పనీరు చెప్పాం. ఆవిడ రొట్టె చింపి నోట్లో పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, నెమ్మదిగా తీసి పళ్ళెం అంచున పెట్టేసింది. అప్పుడు ఆవిడ చూపు తెల్లటి చిన్న గిన్నె మీద పడింది.

"ఇదేంటే, పెరుగా?"

"కాదు నానమ్మా, వెల్లుల్లి డిప్. ముంచుకుని తింటారు," అంది మా అమ్మాయి.

"డిప్పో గిప్పో, ఇటు జరుపు. గుడ్డేమన్నా వేసి చచ్చారేమో అడగండర్రా."

సర్వర్ కుర్రాణ్ణి అడిగాం. "లేదమ్మా, మా దగ్గర పాలతోనే చేస్తారు," అన్నాడు. ఆవిడ వేలితో కొంచెం తీసి నాలిక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. తరవాత రొట్టెను ఆ గిన్నెలో ముంచి, నానేదాకా ఆగి, మింగింది. మళ్ళీ ముంచింది. గిన్నె ఖాళీ అయింది.

"అమ్మగారికి ఇంకోటి తెమ్మంటారా?" అన్నాడు కుర్రాడు.

"నువ్వు తెస్తా ఉండు నాయనా, చాలనుకున్నప్పుడు చెప్తాగా," అంది.

ఆవిడ కడుపు నిండా తినడం చూసి ఎన్నాళ్ళయిందో! వచ్చేటప్పుడు మా ఆయన ఆ సాసు ఒక డబ్బాలో కట్టించుకొచ్చాడు. మర్నాటికల్లా అది నీరు కక్కింది. అత్తయ్య వాసన చూసి, "నిన్న బతికుంది. ఇవాళ పోయింది," అని మూత పెట్టేసింది.

"నేను చేస్తానత్తయ్యా," అన్నాను.

మా ఆయన మగ్గం మీద నుంచే నవ్వాడు. "నువ్వా? ఏడో తరగతికి సాసులు రావే."

నిజమే, నేను ఏడో తరగతిలో బడికి సెలవు పెట్టాను. ఆ సెలవింకా అయిపోలేదు. "మీరు డిగ్రీ చదివారుగా, చెయ్యండి మరి," అన్నాను.

"మా సిలబస్‌లో లేదది."

అమ్మాయికి ఫోన్ చేశాను. పాలు, నూనె, వెల్లుల్లి మిక్సీలో వేసి తిప్పి, చివర్లో నిమ్మకాయ పిండాలట. అంతేనట. అత్తయ్య వంటింట్లో స్టూలు వేసుకుని పరీక్షాధికారిలా కూర్చుంది. నేను పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ కత్తిరించగానే అడిగింది:

"నూనె కాచావా?"

"కాచేదేం లేదంటత్తయ్యా. పచ్చిదే పొయ్యాలంట."

"పచ్చి నూనె కడుపులో పోసి నన్ను సాగనంపుదామనా?"

మా ఇంట్లో పచ్చి నూనెకు ప్రవేశం ఉన్నది ఒక్క ఆవకాయ జాడీలోకే. మరింకెందులో పోసినా కాగి తీరాలి. ఇంటి చట్టం కదా అని నూనె పొగలు వచ్చేలా కాచాను. ఆవిడ ఆకలి చల్లారేలోగా చేసెయ్యాలని, సరిగ్గా ఆరకుండానే పాలల్లో పోశాను. పైగా అప్పుడే పచ్చడి రుబ్బిన మిక్సీ జారు, అదీ వేడిగానే ఉంది. మూత తీసి చూస్తే పాలు ఒక పక్క, నూనె ఒక పక్క, పెళ్ళిలో అలిగిన రెండు వైపుల చుట్టాల్లా ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాయి.

మా ఆయన తొంగి చూసి, "ఇంతకీ ఇందులో ఒత్తి ఎక్కడ వెయ్యాలి? దీపం పెడదాం," అన్నాడు.

అయినా అత్తయ్య ఆశగా ఒక బొట్టు నాలిక మీద వేసుకుంది. వేసుకోగానే బుగ్గ పట్టుకుంది. పచ్చి వెల్లుల్లి చిగుళ్ళను అంటుకుంది. "నోట్లో నిప్పులు పోశావు కదే తల్లీ!" అంది. ఆ నూనె పాలతో చపాతీ పిండి కలిపేశాను. చపాతీలు మహా మెత్తగా వచ్చాయి. మెచ్చుకోవాల్సిన మనిషికి మాత్రం అవీ నమలడానికి లేవు.

మర్నాడు వెల్లుల్లి రేకలు పాలల్లో వేసి మెత్తగా ఉడికించాను. ఘాటు పోతుంది, వాసన నిలుస్తుంది. మా వైపు బాలింతలకు అలాగే ఇస్తారు. ఆవిడ అది చూసి, "నేనేమన్నా బాలింతనా?" అంది.

"కొత్త పళ్ళు పుట్టబోతున్నాయిగా మీకు."

ఆవిడ నవ్వబోయి, చిగుళ్ళు గుర్తొచ్చి, పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు హుషారొచ్చింది. గోరువెచ్చటి పాలల్లోనే నూనె పోసి తిప్పాను. కాస్త చిక్కబడ్డట్టే కనిపించి, చూస్తూండగానే విరిగిపోయింది. ఈసారి ఎవరూ హాస్యమాడలేదు. ఆ సాయంత్రం అత్తయ్య అర గ్లాసు మజ్జిగ తాగి, "ఇంక దాని జోలికి పోకే. నాకేం ఆకలి లేదు," అని గోడ వైపు తిరిగి పడుకుంది. గోడ వైపు తిరిగిన ఆవిడ వీపు చిన్నపిల్ల వీపంత ఉంది.

మర్నాడు పొద్దున్నే మీగడ చిలుకుతున్నాను. వెన్న పడే వేళకు కుండలోని చల్లటి నీళ్ళు చెంబుతో పోశాను. పోస్తూ పోస్తూ చెయ్యి ఆపాను. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో అత్తయ్య ఇదే చోట నిలబడి చెప్పిన మాట గుర్తొచ్చింది: "చల్లదనానికైతే దగ్గరికొస్తుందే అమ్మాయ్. కాకకు పారిపోద్ది." ఆవిడ చెప్పింది వెన్న సంగతి. కానీ అలిగిన చుట్టాలు కూడా అంతేగా, కాస్త చల్లబడితేనే దగ్గరికొస్తారు.

వెల్లుల్లి ఉడికించిన పాలు ఆరాక ఫ్రిజ్‌లో పెట్టాను. మిక్సీ జారూ పెట్టాను. ఇంటి చట్టం తప్పకుండా నూనె కాచి, అది పూర్తిగా చల్లారాక, దాన్నీ పెట్టాను. మా ఆయన మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిచి, "జారుకేమైందే? జ్వరమా?" అన్నాడు.

"మీకూ ఖాళీ ఉంటే కాసేపు అందులో కూర్చోండి," అన్నాను.

సాయంత్రానికి అన్నీ చేతికి జివ్వుమంటున్నాయి. మిక్సీ మూతకున్న కన్నంలో నుంచి నూనె పొయ్యడం మొదలుపెట్టాను. స్టూలు మీది నుంచి గొంతు లేచింది.

"గుభాలున పొయ్యకే! పోగు తెగుద్ది."

"పోగేంటత్తయ్యా, నూనెయితేనూ."

"ఏదైనా పోగే. ఇటియ్యి."

లేచి వచ్చింది. ముక్కున్న చిన్న గిన్నెలోకి నూనె వంపుకుంది. ఎడమ చెయ్యి కుడి మోచేయి కింద ఆనించుకుని, గిన్నె వంచింది. నేను స్విచ్ తిప్పుతూ ఆపుతూ ఉన్నాను. ఆవిడ చేతిలోంచి నూనె ధార నూలుపోగంత సన్నగా దిగింది. లావెక్కలేదు, సన్నబడలేదు, తెగలేదు. నాలుగు కండెలు చుట్టేసరికి అలిసిపోతున్న చెయ్యి, ధార పోసేటప్పుడు మాత్రం వణకలేదు. కాసేపటికి మిక్సీ గొంతు మారింది. అందాకా గలగలమన్నది కాస్తా గుప్పుగుప్పుమని బరువుగా తిరగసాగింది.

మూత తీశాను. తెల్లగా, నిగనిగలాడుతూ, గట్టి పెరుగులా ఉంది. చెంచా గుచ్చి వదిలితే నిలబడింది. ఉప్పు, చిటికెడు పంచదార, నాలుగు నిమ్మ చుక్కలు వేసి కలిపాను. ఇడ్లీ చిదిపి, దాని మీద వేసి, పళ్ళెం ఆవిడ చేతికిచ్చి, స్టవ్ తుడుస్తున్నట్టు అటు తిరిగాను. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

కాసేపటికి వెనక నుంచి పళ్ళెం నేల మీద జరిగిన చప్పుడు.

"ఇంకో రెండు పెట్టు."

ఏడో తరగతి తరవాతి తరగతులన్నీ ఆ ఒక్క మాటతో పాసైపోయాను. మార్కులు కూడా బాగానే వచ్చినట్టనిపించింది.

ఆ తరవాత మా ఇంట్లో ఇడ్లీ, దోసె, ఉడికించిన చిలగడదుంప, అన్నీ అందులోనే మునిగాయి. ఒక రోజు పక్కింటావిడ గోడ మీది నుంచి అడిగింది, "అదేదో హోటల్ సాసు ఇంట్లోనే చేస్తున్నారంట కదా పిన్నిగారూ?"

"చేస్తున్నాం. ధార నాది," అంది మా అత్తయ్య.

"మరి మిగతాది?"

"మిగతాది మిక్సీది."

నేను పెరట్లో బట్టలారేస్తూ విన్నాను. "మరి నేనేం చేశానత్తయ్యా?"

"నువ్వు స్విచ్ నొక్కావు."

నొక్కానో లేదో గానీ, రాట్నం చప్పుడు మళ్ళీ మధ్యాహ్నం దాకా ఆగకుండా వినిపించింది. జాకెట్లకు రెండుసార్లు పట్టిన కుట్లు ఒక్కొక్కటే విప్పాను. కుట్టినప్పటి కంటే విప్పేటప్పుడు చెయ్యి బాగా ఆడింది.

కట్టుడు పళ్ళు వచ్చాక వాటిని ఎక్కడ పరీక్షించాలని ఇంట్లో చర్చ జరిగింది. అత్తయ్యే తేల్చేసింది, బెంజ్ సర్కిల్ అని. అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి కలిసింది. అదే హోటలు, అదే కుర్రాడు. ఆవిడను గుర్తుపట్టి, అడక్కుండానే రెండు తెల్ల గిన్నెలు తెచ్చి పెట్టాడు. ఆవిడ వేలితో కొంచెం తీసి నాలిక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకోలేదు. గిన్నెను దీపం వైపు వంచి, అంచున ఊరిన నూనెను చూసింది.

"ఏమ్మా, బాలేదా?" అన్నాడు కుర్రాడు కంగారుగా.

"బానే ఉంది నాయనా. ఎవరు చేశారోగానీ, తొందరపడ్డాడు. ఒక్కసారే పోసేశాడు." గిన్నె కింద పెట్టింది. "మా కోడలు చేసిందయితే చెంచా నిలబడుద్ది."

నా కాపురమంతటిలో ఆవిడ నన్ను మెచ్చుకోవడం నేను విన్నది అదే మొదటిసారి. అదీ నాతో కాదు, ముక్కూ మొహం తెలియని కుర్రాడితో. వాడు నా వైపు గౌరవంగా చూశాడు. నేను పళ్ళెం వైపు చూశాను.

"ఏంటే, మాట రావట్లేదు?" అన్నాడు మా ఆయన.

"స్విచ్ ఆపేశారు," అన్నాను.

అత్తయ్య ఆ మాట వినిపించుకోలేదు. కీరా ముక్క తీసుకుని, హోటలు సాసులో ముంచకుండానే, కొత్త పళ్ళతో కరకరా నమిలింది.