దావత్ తర్వాత విచారణ

బండ్ల పొగకు బీఎస్ ఆరు ప్రమాణాలు వచ్చి రెండేళ్లయ్యాక, ఒక వానాకాలంలో, నన్ను మోటారు వాహనాల తనిఖీ అధికారిగా జహీరాబాద్‌కు వేశారు. కాగితం మీద హోదా అది. జనం నోట్లో మాత్రం మేం ఎప్పుడూ బ్రేక్ ఇన్‌స్పెక్టర్లమే. నిజానికి బ్రేకులు చూడటం మా పనిలో ఒక ముక్క. బండి వెనక గొంతుక్కూర్చుని పొగ కొలవడం ఇంకో ముక్క. సన్నటి గొట్టాన్ని సైలెన్సర్‌లోకి దూరిస్తే కార్బన్ మోనాక్సైడ్ ఎంత, మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి ఎంత అన్నది దానికి తగిలించిన యంత్రం చెబుతుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసినవాడికి జీతంతో పాటు దగ్గూ వస్తుంది. నా దగ్గు నాతోపాటు రిటైర్ కాలేదు. అందుకే పొగబండ్ల మీద నాకు జాలి లేదని ముందే చెప్పేస్తున్నాను.

నేను చేరిన కొద్ది నెలలకు ఒక ముసాయిదా వచ్చింది. ముసాయిదా అంటే ఇంకా నియమం కానిది. నియమం చేసే ముందు జనం ఏమంటారో వినడానికి బయటపెట్టేది. పాత మోటారు సైకిళ్లు, మోపెడ్లు, పెట్రోలు ఇంజన్ బిగించిన పడవలు పొగ పరీక్షలో రెండుసార్లు తప్పితే రిజిస్ట్రేషన్ రద్దవుతుందన్నది దాని సారాంశం. అందులో ఒక క్లాజును మాత్రం తేల్చకుండా వదిలారు. పాత ఇంజన్ తీసేసి, పొగ తక్కువ వదిలే ఇంజన్ బిగించుకోవడానికి అనుమతించాలా వద్దా అన్నది ప్రజాభిప్రాయాన్ని బట్టి నిర్ణయిస్తారట. అడిగేవాళ్లుంటే ఉంచుతారు, లేకుంటే కొట్టేస్తారు. ఆ అభిప్రాయాలు వినే బహిరంగ విచారణకు జహీరాబాద్‌ను కూడా ఎంచుకున్నారు. చుట్టుపక్కల పాత మోపెడ్లు ఎక్కువ. న్యాల్‌కల్ వైపు మంజీర నీళ్లలో చేపలు పట్టేవాళ్లు కొందరు పడవలకు చిన్న ఇంజన్లు పెట్టుకున్నారు.

ముసాయిదా సంగతి తెలిసి నా దగ్గరికి మొదట వచ్చింది జబ్బార్ మియా. కోహీర్ జామకాయలు రెండు వైపులా గంపలకెత్తి మోపెడ్ మీద జహీరాబాద్ తెచ్చి అమ్మేవాడు. యాభై దాటిన మనిషి, మోకాళ్లు అరిగిపోయాయి. ఆయన మోపెడ్ పెట్రోలులో ఆయిల్ కలిపి పోసే పాతకాలపు రకం. అది బజార్లోకి వచ్చిందంటే పొగను చూసి చెప్పొచ్చు, ఆయన్ని చూడక్కర్లేదు. నేను పరీక్షిస్తే నిమిషంలో తప్పిపోయేదే.

"ఇంజన్ ఒక్కటి మార్చుకోనిస్తే చాలు సాబ్. చాసీ మంచిగనే ఉంది, మిస్త్రీ గూడ ఉన్నడు. కొత్త బండి కొనుడు నాతోని కాదు. నెత్తి మీద గంప వెట్టుకోని నడుద్దామంటే మోకాళ్లు లేవు," అన్నాడు.

నాకది న్యాయంగానే తోచింది. పొగ పోతుంది, మనిషి బతుకుతాడు. ఈ మాటే విచారణలో మైకు పట్టుకుని చెప్పమన్నాను. మైకులో చెప్పిన ప్రతి మాటా నమోదవుతుందని, ఆ క్లాజు నిలవాలంటే అదే దారి అని విడమరిచి చెప్పాను. తప్పకుండా చెప్తానని, ఇంకో పదిమందితో చెప్పిస్తానని వెళ్లాడు.

విచారణలు ఎప్పుడూ అభిప్రాయాలు చెప్పే గడువులో చివరి రోజుకే తోస్తారు, ఇదీ అంతే. ఒక ఫంక్షన్ హాల్లో ఏర్పాటు చేశాం. అధ్యక్షత వహించాల్సిన పై అధికారి ఉదయం రావాల్సింది, హైవే మీద ఆలస్యమై మధ్యాహ్నానికి దిగారు. అప్పటికే హాలు వెనక వంట సిద్ధమైంది. కోహీర్ తోటలవాళ్లు తలా ఇంత వేసుకుని దావత్ పెట్టారు. బిర్యానీ, ఖుబానీ మీఠా, మాంసం తిననివాళ్లకు జొన్నరొట్టెలు, పప్పు. చల్లారిపోతుందని ముందు భోజనాలకే కూర్చోబెట్టారు. మాకు శాలువాలు కప్పారు. వడ్డన చేసింది జబ్బార్ మియా. కుంటుకుంటూనే వరస వరసకీ తిరిగి, నా విస్తట్లో వద్దంటున్నా ఇంకో గరిటె వేశాడు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదన్నది అతిథికి చెప్పిన నీతి. పెట్టిన చేతికి కూడా ఒక నీతి ఉంటుందని నాకు ఆ పూటే తెలిసింది.

భోజనాలయ్యాక విచారణ మొదలైంది. పై అధికారి మర్యాదస్తుడు. ముసాయిదాను తేలిక మాటల్లో చెప్పారు. ఇంజన్ మార్పిడి గురించి ఎవరైనా మాట్లాడతారా అని ప్రత్యేకంగా అడిగారు. తోటల సంఘం పెద్దాయన లేచాడు. "సర్కారు ఏం జేసినా మన మంచికే జేస్తది. పెద్దసార్లు గింత దూరం వచ్చిన్రు, మాతోని కూసోని తిన్నరు. మాకు గదే బహుత్ ఖుషీ," అని చప్పట్ల మధ్య కూర్చున్నాడు. పడవలవాళ్ల తరఫున ఒకాయన తమకూ అంతా మంచిగనే ఉందన్నాడు. ఇంకెవరూ కదల్లేదు.

వేదిక మీదినుంచే జబ్బార్ మియాను పేరుపెట్టి పిలిచి మైకు ఇప్పించాను. ఆయన నీళ్ల జగ్గు కింద పెట్టి, మైకు అందుకుని, హాలంతా ఒకసారి చూశాడు.

"అందరు తిన్నరు కద సాబ్? ఏమన్న తక్కువైతే మాఫ్ జెయ్యుండ్రి," అన్నాడు. అంతే. మైకు తిరిగి ఇచ్చేశాడు.

అధికారుల కారు కదిలాక గేటు దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. కోపం ఆపుకోలేక గట్టిగానే అడిగాను, ఎందుకు చెప్పలేదని. ఆయన నావైపు జాలిగా చూశాడు.

"మెహమాన్లను పిల్చి, బువ్వ వెట్టి, మల్ల వాళ్ల ముంగటనే మాకు గిది గావాలె, గది గావాలె అంటమా సాబ్? గట్లయితే దీనికోసమే తినవెట్టిన్రు అనుకోరా?"

గడువు సాయంత్రం దాకా ఉంది, కనీసం రాసి ఇవ్వమన్నాను. నేనే రాస్తాను, సంతకం పెడితే చాలన్నాను. చేతులు కలిపి సాగనంపినంక వెనకంగ కాయితం పెడితే దగాబాజీ అయితదని తల అడ్డంగా ఊపాడు. పెద్దసారు మంచోడే, మనసులో మాట ఆయనకు తెల్వదా అన్నాడు. చుట్టూ ఉన్న తోటలవాళ్లు కూడా అదే మాట. అంతసేపూ నోరు విప్పనివాళ్లు అక్కడ నన్ను చుట్టుముట్టి, టెస్టు సెంటరు దూరమని, మిస్త్రీలకు లైసెన్సు లేదని, వందరకాల ఇబ్బందులు చెప్పుకున్నారు. ఎందుకంటే నేను రోజూ కనిపించేవాణ్ని, పిలిస్తే వచ్చిన అతిథిని, మెహమాన్‌ని కాదు.

ఆ రాత్రే గేటు దగ్గర విన్నదంతా నోట్‌గా రాసి నివేదికకు జతచేశాను. నోట్ వెనక్కి వచ్చింది. విచారణ ముగిశాక, వేదిక బయట అన్న మాటలు విచారణలో భాగం కావని పక్కన రాశారు. నియమం ప్రకారం అది సరైనదే. జహీరాబాద్ నివేదికలో నిలిచిన వాక్యం ఒక్కటే: హాజరైనవారు ముసాయిదాను స్వాగతించారు, అభ్యంతరాలు లేవు. మరుసటి ఏడాది నియమం వచ్చింది. ఇంజన్ మార్పిడి క్లాజు అందులో లేదు.

జబ్బార్ మియా మోపెడ్ మొదటిసారి పరీక్ష తప్పింది. మిస్త్రీ చేతనైనంత సర్దాడు. రెండోసారి పరీక్ష నా వంతు వచ్చింది. బండిని కడిగి, తుడిచి, పెళ్లికొడుకులా ముస్తాబు చేసి తెచ్చాడు. గొట్టం పెట్టాను. యంత్రం మీద అంకెలు హద్దు దాటినా ఆగలేదు. ఇంజన్ చల్లగా ఉందేమోనని ఇంకోసారి చూశాను. మార్పు లేదు. నా చేత్తోనే తప్పిందని రాసి సంతకం పెట్టాను. ఉద్యోగంలో నేను పెట్టిన సంతకాల్లో అంత బరువైంది లేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మీరేం జేస్తరు సాబ్, కానూన్ గట్లుంది. ఫికర్ జెయ్యకుండ్రి," అన్నాడు. తప్పిన బండి రోడ్డు మీద నడపకూడదు. బస్సు మీదికి ఎక్కించి ఊరికి తీసుకుపోదామని బస్టాండు దాకా దాన్ని తోసుకుంటూ, రెండు చోట్ల ఆగి మోకాళ్లు పట్టుకుంటూ పోయాడు. ఆ సీజన్‌లోనే ఆయన వ్యాపారం ఆగిపోయింది. తర్వాత మార్కెట్లో ఇంకొకరి లారీల దగ్గర కాయలు ఏరుతూ కూర్చోవడం చూశాను. జీపు దిగి పలకరించలేకపోయాను.

నేను నేర్చుకున్నది ఇది. విచారణకు వచ్చినవాళ్ల చేత ఏదీ పెట్టించుకోకూడదు. తినాల్సివస్తే మనమే పెట్టాలి. పెళ్లికొచ్చిన చుట్టం పప్పులో ఉప్పెక్కువైందని మొహాన్నే అంటాడు. పెళ్లి చేసేవాడు అనడు. రిటైరయ్యే ముందు మొగుడంపల్లిలో అవగాహన సభ ఒకటి పెట్టాల్సి వచ్చినప్పుడు టీలు, ఉప్మా మా ఆఫీసు తరఫునే ఏర్పాటు చేయించాను. జనం తిన్నారు, ఉప్మా బాగాలేదన్నారు, తర్వాత మమ్మల్ని కడిగి పారేశారు. మైకు కోసం కొట్లాడుకున్నారు. పాత బండ్లకు ఇంజన్ మార్చుకోనివ్వాలని ఒకరి తర్వాత ఒకరు లేచి అడిగారు.

ఆ విషయం మీద అభిప్రాయాలు చెప్పే గడువు ముగిసిపోయిందని వాళ్లకు చెప్పి కూర్చోబెట్టాను.