తాడు మీద చెయ్యి

మా అమ్మాయి పోయిందన్న కబురు పక్క క్వార్టర్ వాళ్ల ఫోనుకి వచ్చింది. మా ఆయన ఫస్ట్ షిఫ్టుకి వెళ్లిపోయారు. నేను పెరట్లో దండెం మీది బట్టలు దులుపుతున్నాను. భిలాయి సెక్టర్ రెండులో కాపురమున్న వాళ్లకి చెప్పక్కర్లేదు, దులపకుండా లోపలికి తెస్తే ఉక్కు ప్లాంటు ఎర్రధూళి మంచం దాకా వస్తుంది. పక్కింటావిడ గోడ మీంచి పిలిచింది. "దీదీ, ఆంధ్రా సే ఫోన్. జల్దీ ఆవో."

ఫోనులో మా అమ్మ. ఆవిడ ఎప్పుడు మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది, కెరటాల హోరు పక్కన పుట్టి పెరిగిన మనిషి. ఆ రోజు మెల్లగా మాట్లాడింది. అప్పుడే నాకు అర్థమైపోయింది. "గుంట నిద్దట్లోనే ఎల్లిపోనాదే," అంది.

నేను ఐదో తరగతి దాకా చదివాను. రాయడం అలవాటు లేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే నోటితో చెప్పబోతే మధ్యలో ఆపేస్తున్నారు. పరామర్శకి వచ్చినవాళ్లంతా ఒకే మాట తిప్పి తిప్పి అంటున్నారు: ఆ సముద్రం ఒడ్డుకి పంపకుండా ఉంటే పిల్ల బతికేది కదా అని. స్మృతి నగర్‌లో ఉన్న మా వదిన, అంటే మా ఆయన అక్క, ముఖం మీదే అనేసింది. "పిల్లని నువ్వే సేతులారా పోగొట్టుకున్నావే," అంది. కాగితం మీదైతే నన్నెవరూ ఆపలేరు కాబట్టి నా జవాబు ఇక్కడ చెబుతున్నాను.

మా అమ్మాయి గుండె పుట్టుకతోనే బలహీనం. మెట్లు ఎక్కించకండి, పరుగులు పెట్టనివ్వకండి, బరువు ఎత్తనివ్వకండి అన్నారు డాక్టర్లు. మేం అంతకు రెండింతలు చేశాం. దసరాకి పందిరి దాకా కూడా పంపలేదు. పిల్లలందరూ సైకిళ్ల మీద రోడ్డు పట్టుకుంటే అది కిటికీ దగ్గర కూర్చునేది. చువ్వలకి నుదురు ఆనించి ఆనించి, సాయంత్రానికి నుదుటి మీద నిలువు గీతలు పడేవి. నేను కొబ్బరినూనె రాసి రుద్దేదాన్ని. మర్నాడు మళ్లీ పడేవి.

ఆయనది ప్లాంటులో రిగ్గింగ్ పని, క్రేన్లకి బరువులు కట్టే పని. ఆయనదీ మా ఊరే, వలలు లాగిన చేతులే. తాళ్లూ ముడులూ తెలుసని ఆ రోజుల్లో పనిలోకి తీసుకున్నారు. ఇంటికొచ్చాక కూతురి ముందు తాడు ముక్క పడేసి ముడులు నేర్పేవారు. కూర్చుని చేసే పని కదా, దానికి ఆయాసం రాదు. అది నేర్చుకుని నేర్చుకుని మా కిటికీ పరదాలకీ నా బజారు సంచీకీ అన్నిటికీ ముడులు వేసేసింది.

ఒక వేసవికి మా అమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. శ్రీకాకుళం అవతల, ఇసుక మీద కట్టిన చిన్న ఊరు. సెలవులయ్యాక పెట్టె సర్దుతుంటే అది కదల్లేదు.

"నేన్రాను అమ్మా. వాపస్ నహీ జావూంగీ."

"ఏటే, పిచ్చెక్కిందేటి?"

"అక్కడ అందరూ నన్ను తబియత్ కైసీ హై, ఒంట్లో ఎలా ఉంది అని అడుగుతారు. ఇక్కడ, గుంటా అంబలి తాగినావా అని అడుగుతున్నారు. నాకిదే బాగుంది."

నేను ఆయన వైపు చూశాను. ఆయన సముద్రం వైపు చూసి, "ఉండనీ," అన్నారు. పెట్టెలోంచి దాని గౌన్లు నేనే బయటికి తీశాను. ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు.

అక్కడ అది ఎలా బతికిందో చెప్పాలి. పొద్దున్నే చోడంబలి, అంటే రాగి అంబలి, పక్కన ఉల్లిపాయ, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. ఎండెక్కితే ఒడ్డుకి లాగిన పడవ నీడలో చాప. పడవ నీడతో పాటు చాప కూడా జరుపుకుంటూ పోయేది. మూడు గంటల వేళ గాలి మళ్లితే, "అమ్మమ్మా, ఏసీ ఆన్ అయింది," అని అరిచేది. మా అమ్మకి ఏసీ అంటే ఏమిటో తెలియదు, అయినా తనూ అదే అనడం మొదలుపెట్టింది.

ఊళ్లో ఒక్కటే టీవీ. హిందీ సీరియల్ వస్తే ఆడవాళ్లంతా మా అమ్మాయిని మధ్యలో కూర్చోబెట్టుకునేవారు. అర్థం చెప్పే పని దానిది. తెర మీద అత్తా కోడలూ ఏడుస్తుంటే, "ఏటంటందే గుంటా ఆ ముసిల్ది?" అని అడిగేవారు. "కూరలో ఉప్పు ఎక్కువైపోనాదంటంది," అని చెప్పేది. అందరూ పడీ పడీ నవ్వేవారు. ఆ కథ అసలు ఏమిటో ఆ ఊళ్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

అక్కడ పెద్దవల లాగే రోజు ఊరంతా ఒడ్డునే ఉంటుంది. పడవ వెళ్లి వలని సముద్రంలో చుట్టూ దింపి వస్తుంది. ఒడ్డున రెండు వైపులా తాళ్లు పట్టుకుని జనం లాగుతారు. చివర్న సంచి ఉంటుంది, చేపలన్నీ అందులోకి చేరతాయి. ఆ సంచి అడుగు కుట్టరు. తెరిచే ఉంచి తాడుతో కడతారు. ఒడ్డుకి రాగానే ఆ కట్టు లాగితే చేపలు ఇసుక మీద కుప్పగా పడతాయి. చిరిగిన వలలు మగవాళ్లే బాగుచేస్తారు, ఆడవాళ్లు వల దాటకూడదని కూడా అంటారు. మా అమ్మాయి వెళ్లి, వల పని నడిపించే వల పెద్ద పక్కన కూర్చుంది. "తాతా, నేను దాటను, కూర్చునే కుడతాను," అంది. ఆయనకి నవ్వొచ్చి సూది చేతికిచ్చాడు.

అది కన్నాలన్నీ పూడ్చింది. సంచి అడుగు తెరిచి ఉందని చూసి, పాపం ఇది అన్నింటికంటే పెద్ద కన్నం అనుకుని, వాళ్ల నాన్న నేర్పిన రిగ్గింగ్ ముడితో దాన్నీ బిగించేసింది.

మర్నాడు వల ఒడ్డుకొచ్చింది. కట్టు లాగారు. చేపలు ఎగురుతున్నాయి గానీ సంచి తెరుచుకోదు. నలుగురు కూర్చుని పళ్లతో కూడా పీకారట. "ఓలమ్మో, గుంట సంచి కుట్టీసినాది!" అని మా అమ్మ తల పట్టుకుంది. చివరికి కత్తితో కోశారు. వల పెద్ద కోపంగా అడిగాడు, "ఇదేటి ముడే?" "భిలాయి ముడి తాతా, ఇస్పాత్ కా! ఉక్కుది!" అంది అది. ఒడ్డంతా నవ్వులు. ఆ తర్వాత ఆ ఊళ్లో ఏ మూత రాకపోయినా, ఏ తలుపు బిగుసుకున్నా, "భిలాయి ముడి పడ్డాది," అంటారు. ఊడిపోకూడని చోట వెయ్యాల్సిన ముడులకి మాత్రం దాన్నే పిలిచేవారు.

ఆ ఊరి కట్టుబాటు ఒకటుంది. వల లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్లకీ వాటా ఉంటుంది. ముసలివాళ్లకీ, దారిన పోయేవాళ్లకీ. మా అమ్మాయి లాగకూడదు. వల పెద్ద దాన్ని తాడు చివర నిలబెట్టి, "నువ్వు లాగకు. సెయ్యి ఎయ్యి సాలు," అన్నాడు. అది చెయ్యి వేసేది. అందరి లాగుడూ ఆ తాడులోంచి దాని అరచేతికి వచ్చేది. గౌను ఒళ్లో వాటా పోయించుకుని ఇంటికొచ్చి, "అమ్మమ్మా, డ్యూటీ చేసొచ్చాను," అనేది.

ఫోను వచ్చిన రోజే మేం పక్కనున్న దుర్గ్‌లో రైలెక్కాం. వదిన కూడా వచ్చింది. చేపలకి వేసే ఐసు చుట్టూ పేర్చి పిల్లని మా కోసం ఉంచారు. నీసు వాసన. వదిన ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను పెట్టుకోలేదు. నుదురు చూశాను. గీత ఒక్కటి లేదు.

కార్యం అయ్యేదాకా ఊళ్లో ఎవరూ పెద్దవల దింపలేదు. అయిన మర్నాడు దింపారు. నేను వెళ్లి తాడు చివర, అది నిలబడే చోట నిలబడ్డాను. నన్నెవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. చేపలు కుప్పలుగా పంచారు. నా వాటా నా ముందు పోశారు. పక్కన ఇంకో కుప్ప మిగిలింది. వల పెద్ద తల దించుకుని, "అది గుంటది," అన్నాడు.

నేను కొంగు పట్టాను. వదిన చెయ్యి పట్టుకుని ఆపింది. "ఏడాది దాకా నీసు ముట్టకూడదు. నలుగురూ ఏటనుకుంటారు?"

"నా కూతురు డ్యూటీ చేసి తెచ్చుకున్న కూడు వదినా ఇది. కాకులకి వదలను."

ఆ పూట మా అమ్మ పులుసు పెట్టింది. మా అమ్మా నేనూ ఒకే కంచంలో తిన్నాం. ఆయన కూడా వచ్చి కూర్చున్నారు. వదిన గుమ్మం దగ్గర నిలబడి చూసింది.

ఇంట్లో కూర్చోబెడితే ఇంకొన్నాళ్లు ఉండేదేమో. ఉండేదేమో, కిటికీ దగ్గర. అన్ని రోజులూ నాకొద్దు, దానికీ వద్దు. దాని పెట్టెలోంచి గౌన్లు బయటికి తీసింది నేనే, పంపింది నేనే. మళ్లీ నా కడుపునే పుట్టి మళ్లీ వెళతానంటే మళ్లీ పంపుతాను. నా కూతుర్ని తలుచుకుని అయ్యో అనేవాళ్లు మా గుమ్మం ఎక్కక్కర్లేదు. ఉప్పెక్కువైన సీరియల్ కథ విని నవ్వేవాళ్లు వస్తే టీ పెడతాను.

దాని వాటాలో మిగిలినవి మా అమ్మ ఉప్పు పట్టించి ఎండబెట్టి ఇచ్చింది. భిలాయి తెచ్చాను. మొన్న మంచి ఎండ కాస్తే పెరట్లో దండెం మీద వరసగా వేలాడదీశాను. వాసనకి పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. "దీదీ, ఏ క్యా హై?"

"మేరీ బేటీ కా హిస్సా," అన్నాను, మా అమ్మాయి వాటా అని.

గాలికి దండెం సాగుతోందని ఆయన వచ్చి మేకు దగ్గర కొత్తగా ముడి వేశారు. లాగి చూశాను, ముడి ఊడి రాలేదు. చేపల మీద ఎర్రధూళి సన్నగా పడుతోంది. నేను దులపలేదు. తాడు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాను. గాలి వచ్చినప్పుడల్లా అటు చివరి నుంచి ఎవరో లాగుతున్నట్టు ఉంది.