పస్తున్న చేపలకు పులిహోర

ముందుగా ఒక ఫిర్యాదు. మా కాలనీలో నన్ను ఎవరూ పట్టించుకోరు.

ఏలూరు దాటి కైకలూరు వైపు వెళ్తుంటే, ఒక పక్క వరిచేలు, ఇంకో పక్క సగం కట్టి వదిలేసిన మేడలు కనబడే చోట ఉంది మా కాలనీ. టౌను పన్నులు, పల్లెటూరి దోమలు రెండూ మాకే. ఆదివారం వస్తే పిల్లల్ని తీసుకెళ్లడానికి ఒక పార్కు లేదు. ఆ కొరత తీర్చాలని కాలనీ వాట్సాప్ గ్రూపులో నేను ఇచ్చిన సలహాలు అన్నీ ఇన్నీ కావు. ద్వారకా తిరుమల బస్సెక్కితే దర్శనం, కొండగాలి, అన్నప్రసాదం. సాయంత్రం కాలువ గట్టు మీద నడక. కొల్లేటి వైపు వెళ్తే ఆకాశం నిండా పక్షులు. అన్నీ ఉచితం, కాదంటే బస్సు చార్జీతో సరి. వీటికి ఎవరైనా ఒక్క ముక్క జవాబు రాశారా? లేదు. అదే గ్రూపులో ఒకాయన పెరట్లో కాసిన బీరకాయ ఫొటో పెడితే చప్పట్లు, పూలు, దణ్ణాలు! ఆ బీరకాయ పాటి చేయలేదు నేను. దానికి చప్పట్లు కొట్టినవాళ్లందరూ నాకు ఇప్పటికీ గుర్తున్నారు. పేర్లు చెప్పను. నేను అలాంటివాణ్ణి కాదు.

ఇదంతా ఎందుకంటే, చివరికి ఒకసారి వాళ్లు నా మాట విన్నారు. విన్న ఆ ఒక్కసారికే నేను చేసిన నిర్వాకం మీకు చెప్పబోతున్నాను. చదివాక నా ముఖం చూడాలనిపించకపోతే నేనేమీ అనుకోను. నాకే అద్దం చూడాలనిపించదు.

మా కాలనీ సెక్రటరీ డేవిడ్ గారు. హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఒక ఆదివారం అందరినీ ఏదో రిసార్టుకు తీసుకెళ్తానన్నారు. మనిషికింత అని చెప్పేసరికి సగం ఇళ్లలో జ్వరాలు, మిగతా సగం ఇళ్లలో చుట్టాలు. శనివారం సాయంత్రం ఆయన మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"మూర్తిగారూ, మీరేదో ఖర్చు లేని చోట్లని రాస్తుంటారు కదండీ..."

"మీరు చదువుతున్నారా?" అన్నాను.

"చదువుతామండీ. జవాబివ్వం, అంతే."

ఆ మాటకు అలగాలి. కానీ ఆ క్షణంలో నా ఛాతీ పొంగిన బూరెలా ఉంది. "రేపు అందరినీ కొల్లేటి పక్షుల దగ్గరికి తీసుకెళ్తాను. పైసా ఖర్చు లేదు. ఆటో చార్జీ పంచుకుందాం. అన్నం ఎవరిళ్లలో వాళ్లు వండి తెచ్చుకోండి" అని ప్రకటించాను.

"పక్షుల దగ్గర టిక్కెట్టూ, పడవకి వేరే టిక్కెట్టూ ఉంటాయి కదండీ?"

"పక్షికి టిక్కెట్టేమిటండీ! అవే పక్షులు మా బావమరిది చేపల చెరువు మీద ఊరికే ఎగురుతుంటాయి. గట్టు మీద కొబ్బరిచెట్లు, నీడ, గాలి. అంతా మనదే."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ బావమరిదితో నాకు మాటల్లేవు. పేరు శ్రీను, మా ఆవిడ వరలక్ష్మికి ఒక్కగానొక్క తమ్ముడు. వాడు ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి అందరి ఇళ్లకూ వెళ్లి బొట్టు పెట్టి పిలిచాడు. మాకు మాత్రం ఫోన్లో కార్డు పంపాడు. ఆ ఇంటి అల్లుడికి ఫోన్లో పిలుపు! కార్డులో వినాయకుడి బొమ్మ పక్కన నా పేరు కూడా లేదు. అప్పుడు చెరువులు తవ్విస్తూ రాత్రీ పగలూ గట్ల మీదే ఉన్నాడని, తీరిక లేకపోయిందని మా ఆవిడ ఎంతో చెప్పింది. నేను వినలేదు. ఆ గృహప్రవేశానికి వెళ్లలేదు, ఆమెను వెళ్లనివ్వలేదు. అప్పటినుంచీ ఆమె తమ్ముడితో వంటింట్లో గొంతు తగ్గించి ఫోన్లో మాట్లాడుకునేది. నేను వినబడనట్టు పేపరు చదివేవాణ్ణి. పుట్టింటి గుమ్మం తొక్కి ఏళ్లయిందని ఆమె ఏనాడూ నన్ను నిలదీయలేదు. నిలదీసి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి ఆమె పులిహోర పోపు వేస్తూ అంది: "వాడికి ఒక్క ఫోన్ చేస్తే ఏం పోతుందండీ?"

"పరువు."

"పోనీ నన్ను చెప్పనివ్వండి. ఈ వంకన అయినా వాడు వస్తాడు, మాటలు కలుస్తాయి."

"వాడు వచ్చి పిలవాలి. నేను వెళ్లి అడగను. అత్తారి గట్టు మీద కూర్చోడానికి అల్లుడు అనుమతి తీసుకోవడమా?"

గమనించారా? మాట్లాడటానికి వాడు నాకు పరాయివాడు. గట్టు వాడుకోవడానికి మాత్రం సొంత బావమరిది. ఈ తర్కంలో నాకు అప్పుడు ఏ లోపమూ కనబడలేదు.

మర్నాడు రెండు ఆటోల్లో కాలనీ కదిలింది. కైకలూరు చేరకముందే గతుకుల మట్టిరోడ్డు పట్టి చెరువు గట్టెక్కాం. నిజం చెప్పాలంటే ఆ పూట నా జీవితంలోకెల్లా గొప్పది. గాలి చల్లగా ఉంది. పక్షులు గుంపులు గుంపులుగా దిగుతున్నాయి. గూడకొంగ ఒకటి మా నెత్తి మీదుగా వెళ్తే పిల్లలు కేరింతలు కొట్టారు. కాపలా మనిషి గుడిసెలో లేడు, భోజనానికి వెళ్లినట్టున్నాడు. అడ్డు చెప్పేవాడు లేడని నేను సంతోషించాను. డేవిడ్ గారు నలుగురి ముందూ "మూర్తిగారూ, ఇన్నాళ్లూ మీ మాట వినకపోవడం మా పొరపాటండీ" అన్నారు. ఆ వాక్యం మళ్లీ అనిపించుకున్నాను, సరిగ్గా వినబడలేదని చెప్పి.

అప్పుడు మా పక్కింటి కుమారిగారు ఒక ఇడ్లీ ముక్క నీళ్లలోకి విసిరారు.

నీళ్లు ఉడికిపోయాయి! అంతకంటే వేరే మాట లేదు. జానెడు నోళ్లు తెరుచుకుని బొచ్చెలు, శీలావతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, పెళ్లిపందిట్లో రెండో బంతికి జనం తోసుకొచ్చినట్టు. అందరూ "అబ్బా!" అన్నారు.

"ఇంత ఆకలేమిటండీ వీటికి?" అన్నారు కుమారిగారు.

నేను చుట్టూ చూశాను. నీళ్లలో వరసగా పాతిన వెదురు కర్రలున్నాయి. వాటికి వేలాడాల్సిన మేత సంచులు లేవు. గుడిసెలో మాత్రం తవుడు బస్తాలు మూతి కూడా విప్పకుండా పేర్చి ఉన్నాయి. నా బుర్రలో దీపం వెలిగింది. ఆ దీపం అక్కడే ఆరిపోయి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

"చూశారా వరస! చేపల్ని పస్తు పెడుతున్నాడు. బావకు పిలుపు పెట్టనివాడు చేపలకు మేత పెడతాడా!" అన్నాను.

"ఏవండీ, ఎందుకు ఆపాడో ఏమో. వాణ్ణి అడక్కుండా ఏమీ వేయకండి" అంది మా ఆవిడ.

"మూగజీవాల ఆకలి కనబడుతుంటే అడగడమేమిటి?"

"ఒక్క ఫోన్..."

"వరలక్ష్మీ!"

ఆమె నోరు మూసుకుంది. నేను మూసుకోలేదు. ఆకలిగొన్న ప్రాణికి అన్నం పెట్టడం గురించి గట్టు మీద నిలబడి ఒక ఉపన్యాసం ఇచ్చాను. డేవిడ్ గారు, పాపం మంచి మనిషి, కళ్లు తుడుచుకున్నారు. ముందు మా పులిహోర వెళ్లింది. తర్వాత కుమారిగారి పెరుగన్నం, డేవిడ్ గారి ఇంటి నుంచి వచ్చిన కొబ్బరన్నం. అవి అయిపోయాక మగవాళ్లం గుడిసెలో బస్తాలు విప్పాం. పిల్లలు బకెట్లతో, ఆడవాళ్లు పళ్లాలతో, నేను రెండు చేతులతో. తవుడు, వేరుశనగ చెక్క, ఏది దొరికితే అది. చేపలు తింటున్నకొద్దీ మాకు ఉత్సాహం వచ్చింది. ఒక్క మా ఆవిడ మాత్రం దూరంగా కొబ్బరిచెట్టు కింద కూర్చుని రోడ్డు వైపు చూస్తోంది. ఏ రిసార్టులో దొరుకుతుంది చెప్పండి, అంత వినోదం?

చివరి బస్తా దులుపుతుండగా గట్టు మీదకు ఒక మోటారు సైకిలు వచ్చింది. నడిపేవాడు శ్రీను. వెనక చంకలో విసురువల పెట్టుకుని ఒక మనిషి.

శ్రీను బండి దిగి మమ్మల్ని చూశాడు. ఖాళీ బస్తాల్ని చూశాడు. నా మోచేతుల దాకా అంటిన తవుడుని చూశాడు. వాడి ముఖంలో రంగు పోయింది. కానీ గోదావరి గాలి ఎక్కడికి పోతుంది? చేతులు జోడించి, "బావగారూ, ఎప్పుడొచ్చారండీ? అక్కా, బాగున్నావా?" అన్నాడు.

నేను ముఖం తిప్పుకుని, "దారిన పోతూ ఆగాం. నీ చేపలు పస్తులుంటే చూడలేక మేత వేశాం. నీకు తీరిక లేదు కదా" అన్నాను.

వెనకున్న మనిషి చేపలు కొనే వ్యాపారి తాలూకు ఏజెంటు. వచ్చీ రాగానే వల విసిరాడు. వల్లో పడ్డ శీలావతిని తీసి, పొట్ట నొక్కాడు. దాని నోట్లోంచి పచ్చటి ముద్ద ఒకటి బయటికొచ్చింది.

ఏజెంటు దాన్ని వేలితో విడదీసి చూశాడు. "శ్రీనుగారూ, ఇది పులిహోరండీ."

ఇంకొకదాన్ని నొక్కాడు. "దీంట్లో కరివేపాకు కూడా ఉందండీ. పోపు బాగా వేశారు."

ఎవరూ నవ్వలేదు. అప్పుడు తెలిసింది నాకు. ఆ రాత్రికి లారీ వస్తుందట, తెల్లవారుజామున వలలు లాగుతారట. చేపలు పట్టేముందు కడుపులు ఖాళీ చేయించడానికి మేత ఆపేస్తారు. కడుపు నిండిన చేప ఐసులో దూరప్రయాణానికి ఆగదు, దారిలోనే పాడైపోతుంది. చెరువుల మీద తిరిగేవాళ్లెవరికైనా తెలిసిన సంగతే ఇది. శ్రీను చెరువులు తవ్వించినప్పటినుంచీ అటు తొంగి చూడకుండా అలిగి కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది?

"ఈ సరుకు ఎత్తలేనండీ. లారీ వేరే చెరువుకి పంపించేస్తాను. మళ్లీ మీ వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేను" అన్నాడు ఏజెంటు, వెళ్లిపోవడానికి బండి తాళం అడుగుతూ.

డేవిడ్ గారు నా వైపు చూశారు. ఏ లెక్కా తేలని మాస్టారి చూపు అది. "మూర్తిగారూ, మీరు అడిగే తీసుకొచ్చారు కదండీ మమ్మల్ని?" అన్నారు నెమ్మదిగా.

నేను మోచేతుల తవుడు దులుపుకుంటున్నాను. జవాబు మా ఆవిడ చెప్పింది. "లేదండీ. అడగనివ్వలేదు." ఇన్నేళ్లలో నలుగురిలో ఆమె నన్ను అన్న మాట అదొక్కటే. చెప్పి, తమ్ముడి దగ్గరికి వెళ్లి వాడి చేయి పట్టుకుంది.

"ఏడవకక్కా. చేపలెక్కడికి పోతాయి, చెరువులోనే ఉన్నాయి కదా" అన్నాడు వాడు. తర్వాత ఆమెకు మాత్రమే వినబడేలా చెప్పాననుకుని చెప్పాడు, నాకూ వినబడింది. "లోడు ఎత్తగానే నేనూ నీ మరదలూ మీ ఇంటికే వద్దామనుకున్నామక్కా. మా పాప ఓణీల ఫంక్షను. మొదటి బొట్టు నీకే పెట్టాలని. ఈసారి బావగారి కాళ్లు పట్టుకునైనా తీసుకురావాలని."

అప్పుడు ఆ చెరువులో దూకాలనిపించింది. కానీ చేపలన్నీ కడుపు నిండి ఉన్నాయి, నన్ను ముట్టవు.

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. శ్రీను నా దగ్గరికి వచ్చాడు. తిడతాడని చెవులు సిద్ధం చేసుకున్నాను. వాడు అన్నది ఇది: "బావగారూ, మీ అన్నాలన్నీ చేపలకే పెట్టేసినట్టున్నారు. భోంచేశారాండీ?"

చేయలేదు. అందరినీ ఇంటికి తీసుకెళ్లాడు. నేను ఏ ఇంటి గృహప్రవేశానికి వెళ్లలేదో ఆ ఇంట్లోనే మా కాలనీ మొత్తానికి పీటలు వేసి అన్నం పెట్టాడు. శ్రీను భార్య నా విస్తట్లో నెయ్యి మూడోసారి వేసింది. అంతటి మర్యాద ఏ శత్రువుకీ వద్దు.

ఆ వారమంతా మబ్బు పట్టింది. మేం వేసిన మేత మిగిలింది మిగిలినట్టు కుళ్లి, నీళ్లు చెడి, కొన్ని చేపలు తేలాయి. లారీ ఆలస్యంగా దొరికింది. హాల్లో చేద్దామనుకున్న పాప ఫంక్షను ఇంటి ముందు పందిట్లో చేశారు. అయినా భార్యాభర్తలిద్దరూ మా ఇంటికి వచ్చి, బొట్టు పెట్టి, నన్ను కూర్చోబెట్టి మరీ పిలిచారు. మా ఆవిడ ఇప్పుడు నెలకోసారి పుట్టింటికి వెళ్తోంది. నన్ను అడగదు, చెప్పి వెళ్తుంది. ఆమెకు దక్కింది దక్కింది. నాకు మాత్రం నిద్ర లేదు. క్షమించమని ఎన్నిసార్లు నోరు తెరిచానో, అన్నిసార్లూ శ్రీను "పర్లేదండీ బావగారూ, భోంచేశారా?" అని దాటేశాడు.

కాబట్టి పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఆవు గాని, పిల్లి గాని, చేప గాని, మనిషి గాని, ఏ ప్రాణి ఆకలితో నా ముందు నిలబడినా, దాని తాలూకు వాళ్లకు ఫోన్ చేసి, వాళ్లు ఎత్తి, "సరేనండీ" అని మూడుసార్లు అన్నాకే మెతుకు విదిలిస్తాను. వాళ్లు ఎత్తకపోతే నేనూ దానితోపాటు పస్తుంటాను.

ఇక శ్రీనూ, ఇది నీకు. తప్పు చేసినవాణ్ణి తిట్టడం ఇంటివాళ్ల ధర్మం, తిట్టించుకోవడం నా హక్కు. నా హక్కు నువ్వు ఇన్నాళ్లుగా ఎగ్గొడుతున్నావు. ఇలాంటివి నేను మరిచిపోయే రకం కాదని నీకు తెలుసు. "బావా, నీకు బుద్ధుందా?" అని ఒక్కసారి, గట్టిగా, అండీ లేకుండా అడుగు. నేను భోంచేశానో లేదో తర్వాత కనుక్కోవచ్చు. ముందు దీనికి జవాబు చెప్పు: తిడతావా, తిట్టవా?