రేంజర్స్ వైపు ఏసుపాదం బాబాయ్

ఏసుపాదం బాబాయ్‌తో ఏకీభవించగలిగిన మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఆయన కుదరనివ్వడు. మీరు ఎడమంటే ఆయన కుడి. పోనీలే పెద్దాయన కదా అని మీరూ కుడికొస్తే, ఆయన అప్పటికే ఎడమకి చేరుకుని, ఇంత ఆలస్యమేమిటన్నట్టు చూస్తాడు.

ఒకసారి మంచు తుఫానులో నా టాక్సీ ఎక్కాడు. చలిగా ఉంది బాబాయ్ అన్నాను. అంతే. కోటు విప్పి ఒళ్ళో పెట్టుకుని, కిటికీ అద్దం దించి, క్వీన్స్ నుంచి బ్రూక్లిన్ దాకా పేపరుతో విసురుకుంటూ కూర్చున్నాడు. దిగేటప్పుడు ఆయన మీసం మీద ఐసుని నేనే స్క్రేపర్‌తో గీకాను. నమ్మకపోతే మానెయ్యండి, ఇంజనీరింగ్ మూడో ఏట మానేసినవాడి మాట నమ్మాలని రూలేం లేదు. న్యూయార్క్‌లో నా అంత బాగా టాక్సీ నడిపేవాడు లేడన్నది మాత్రం నమ్మి తీరాలి.

ఇది ఎనభై నాలుగు నాటి మాట. గుంటూరు వైపు నుంచి వచ్చిన నర్సుల కుటుంబాలు క్వీన్స్‌లో ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు ఆరాధన జరుపుకునేవి. నేను హిందువునే. కానీ విమలకుమారి అక్క వడ్డించే కోడిపలావుకి మతం లేదు గనక క్రమం తప్పకుండా వెళ్ళేవాణ్ణి. పలావు తర్వాత టీ, టీతో పాటు వాదన. ఆ ఏప్రిల్లో వాదనంతా హాకీ మీదే. రేంజర్స్, ఐలాండర్స్, రెండూ మన న్యూయార్క్ టీములే, ప్లేఆఫ్స్‌లో ఒకదానికొకటి తగిలాయి. ఐదు ఆటల్లో మూడు గెలిచినవాడు ముందుకి, ఓడినవాడు ఇంటికి.

ఐలాండర్స్ వరసగా నాలుగేళ్ళు కప్పు కొట్టినవాళ్ళు. బేస్‌మెంటంతా వాళ్ళవైపే. కాబట్టి బాబాయ్ రేంజర్స్. ఐస్ హాకీ గురించి ఆయనకి తెలిసింది ఒక్కటే, అది మన హాకీ కాదని. స్కేట్లు కట్టిన కోడిపందెం అనేవాడు.

మూలన అక్క భర్త సుందర్ రాజ్ కూర్చునేవాడు. జనవరిలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం పోయింది, దాంతో పాటే మాటా పోయింది. అక్క బతిమాలితే చర్చికొచ్చి, పేపర్ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూసేవాడు. వచ్చే వారం నుంచి రాననీ, ఎవరి మొహమూ చూడలేననీ ఆ పొద్దున చెప్పాడట. అక్క టీ గిన్నె దగ్గర బాబాయ్‌కి ఆ సంగతి చెప్పి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఇంకో ముక్క వేయించుకుందామని పక్కనే నిలబడి ఉన్నాను మరి.

బాబాయ్ తిన్నగా హాలు మధ్యకొచ్చి, హాకీలో గోల్‌కీపరంత దండగమారి మనిషి లేడని ప్రకటించాడు. వాచ్‌మన్‌లా నిలబడ్డమేగా, ఆ చోట ఒక బీరువా పెడితే చాలదా అన్నాడు.

సుందర్ రాజ్ గుంటూరులో కాలేజీ హాకీ టీముకి గోల్‌కీపరు.

"గోల్‌కీపరు నిలబడడు, ఏసుపాదంగారూ," అని మూల నుంచి వినిపించింది.

"మరి పడుకుంటాడా?"

సుందర్ రాజ్ ప్లేటు కిందపెట్టి లేచాడు. రెండు మడతకుర్చీలు గోల్‌పోస్టులయ్యాయి, చీపురు స్టిక్కయింది. కీపరు ముందుకొచ్చేకొద్దీ కొట్టేవాడికి గోల్ ఎలా ఇరుకైపోతుందో చూపించాడు. బాబాయ్ ఒప్పుకోకుండా నారింజపళ్ళు విసిరాడు. సుందర్ రాజ్ అన్నీ ఆపాడు. ఒకటి మాత్రం చీపురుకి తగిలి పాస్టరుగారి టీలో పడింది. అది ఆపలేదుగా అని బాబాయ్, ఆపాకే టీలోకి మళ్ళించానని సుందర్ రాజ్. వెళ్తూ వెళ్తూ, కీపరంటే ఏమిటో మా ఐలాండర్స్ గెలిచి చూపిస్తారు, వచ్చే ఆదివారం తేల్చుకుందామన్నాడు. అక్క నా ప్లేట్లో అడక్కుండానే మూడు ముక్కలు వేసింది.

తీరా ఆ ఆదివారం వచ్చేసరికి కొంప మునిగింది. రేంజర్స్ రెండు గెలిచి ఒకటే ఓడారు. సుందర్ రాజ్ మళ్ళీ మూలకి చేరాడు. బాబాయ్ గెలిచే వైపు ఉండగా నేను చూడటం అదే మొదలు, పాపం ఎంత దిగులుగా ఉన్నాడో. ప్రార్థన చెయ్యమంటే, ద్వీపాల్లో నివసించే జనులందరి క్షేమం కోసం కన్నీళ్ళతో చేశాడు. అండమాన్ మిషనరీల కోసమనుకుని అందరం ఆమేన్ అన్నాం.

ఆ సాయంత్రం ఐలాండర్స్ ఇంకోటి గెలిచి లెక్క సమానం చేశారు. మంగళవారం ఆఖరాట. నేను టాక్సీ రేడియోలో వింటుంటే బాబాయ్ వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. ఆట సమానమై అదనపు సమయంలోకి పోయింది. ఇక ముందు ఎవరు గోల్ కొడితే వాళ్ళదే. ఐలాండర్స్ కొట్టారు. వెనకనుంచి "హల్లెలూయా" అని ఒక్క కేక. న్యూయార్క్‌లోకెల్లా గొప్ప డ్రైవరు ఎర్రలైటు దాటేశాడు.

"అదేంటి బాబాయ్, మీరు రేంజర్స్ కదా?"

"నోర్ముయ్యరా జగదీషూ. సుందర్రాజు ఓడిపోతే మళ్ళీ చర్చి మెట్లు దిగుతాడా?"

అండమాన్ ఎక్కడుందో నాకప్పుడు అర్థమైంది.

తర్వాతిది ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం. చేతిలో మట్టతో బేస్‌మెంట్ మెట్లు దిగుతూ బాబాయ్ నా చొక్కా పట్టుకుని ఆపాడు. ఐలాండర్స్ ఇప్పుడెవరితో ఆడుతున్నారని గుసగుసగా అడిగాడు. వాషింగ్టన్‌తో అన్నాను. వాషింగ్టన్, వాషింగ్టన్ అని వల్లె వేసుకుంటూ కిందికి దిగాడు.

సుందర్ రాజ్ నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కాలో, ఎదురుగా ఖాళీ కుర్చీ ఒకటి వేసుకుని ఉన్నాడు. బాబాయ్ నోరు తెరిచేలోగా తనే అందుకున్నాడు.

"ఈసారి వాషింగ్టనే గెలుస్తుంది, ఏసుపాదంగారూ. ఐలాండర్స్ పనైపోయింది."

బాబాయ్ నోరు 'వా' దగ్గరే ఆగిపోయింది. రెండు వారాలు తిట్టిపోసిన టీము వచ్చి ఆయన మెడకి చుట్టుకుంది. సుందర్ రాజ్ కళ్ళు నవ్వుతున్నాయి. అటు అక్క గరిట వదిలేసి కొంగు నోట్లో కుక్కుకుంది.

బాబాయ్ మట్ట పక్కనపెట్టి, కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"ఐలాండర్స్‌నే అంత మాటంటావా? నీకసలు హాకీ గురించి ఏం తెలుసయ్యా?"