పచ్చ అంటే ఏ పచ్చ?

మెదక్‌లో నాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర చూపిస్తే చాలు, నప్పే బ్లౌజు పీసు కళ్లు మూసుకుని తీస్తాను. ఆ పొగరుతోనే నోరు జారాను. స్పెయిన్ నుంచి కొందరు మా చర్చి చూడటానికి వస్తున్నారని తెలియగానే, కిటికీ అద్దాల రంగులు వాళ్ల భాషలోనే నేను చెప్తానని అందరి ముందూ అనేశాను.

"గీ వయసుల గిదేంది వదినా? ఇంగ్లీషే సక్కగ రాదు, ఇగ స్పానిషా? మస్తు పరువు పోతది చూడు," అంది మా ఆడబిడ్డ. తప్పానంటే ప్రతి పెళ్లిలోనూ ఆమెకు అదే కథ. నాకు రోషం వచ్చింది.

ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. స్పానిష్‌లో రంగు వస్తువు వెనకాల వస్తుంది. పైగా ఆ వస్తువు ఆడో మగో చూడాలి. గాజు మగ కాబట్టి 'విద్రియో రోహో', వెలుగు ఆడ కాబట్టి 'లూస్ రోహా'. రెండూ ఎరుపే! వస్తువుకి రంగు మ్యాచ్ కావాలన్నమాట. ఇది నా దుకాణం పనే కదా అని సంబరపడ్డాను.

నోటుబుక్కులో 'వేర్దే' పక్కన పచ్చ అని రాసుకున్నాను. 'అమరియో' పక్కనా పచ్చ అనే రాసుకున్నాను. అందులో నాకు వింతేమీ కనబడలేదు. గడ్డీ పచ్చే, పసుపూ పచ్చే, కామెర్లూ పచ్చవే. రోజూ కూరగాయలు తరుగుతూ, ఆ నోటుబుక్కు ముందు పెట్టుకుని ఆడబిడ్డే అప్పజెప్పించుకునేది.

"నీలం?"

"అజూల్."

"పచ్చ?"

"వేర్దే."

"షాబాష్ వదినా!"

వాళ్లొచ్చిన రోజు చర్చిలో, వాళ్లలోని ఒక ముసలామె నా చేయి పట్టుకుంది. ఆమెకు వెలుగు తెలుస్తుంది కానీ రంగులు కనబడవని వెంట ఉన్న అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. పరువు సంగతి మర్చిపోయాను. ఆ కిటికీలో ఏముందో ఆమెకు నేను చెబితేనే తెలుస్తుంది.

"విద్రియో రోహో," అన్నాను. ఆమె తలూపింది. "విద్రియో అజూల్." మళ్లీ తలూపింది. తర్వాతి గాజు పసుపుపచ్చ. నోరు దానంతటదే "వేర్దే" అంది.

"నో, అమరియో," అని ఆ అమ్మాయి నవ్వింది.

చూడటానికి నా వెంటే వచ్చిన ఆడబిడ్డ వైపు తిరిగాను. "పచ్చ అంటే ఏ పచ్చ అడిగినవ్ నువ్వు?"

"పసుపుపచ్చనే! ఇంకే పచ్చ?"

"వేర్దే అంటే ఆకుపచ్చ!"

చర్చి అని కూడా చూడకుండా ఇద్దరం వాదులాడుకున్నాం. గొడవేమిటని ముసలామె అడిగింది. మాకు రెండూ ఒకటే మాట, పచ్చ, అని నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. అమ్మాయి వివరించగానే ఆమె పకపకా నవ్వి, "పాచా, పాచా," అనుకుంది.

వెళ్లేముందు నా చీరకొంగు వెతికి పట్టుకుని, "పాచా?" అని అడిగింది.

"సక్కగ చెప్పు వదినా, ఏ పచ్చనో," అంది ఆడబిడ్డ. ఆమె గొంతులో వెక్కిరింపు లేదు.

"వేర్దే," అన్నాను, ఈసారి కొంగు చూసుకుని మరీ.