ఇప్పచెట్ల కింద గాలి లెక్క

మా ఊరు ఉసూర్ వైపు, తెలంగాణ సరిహద్దు దాటిన కొద్ది దూరంలోనే. టవర్ వచ్చాక నా ఫోన్‌లో మొదట వేయించుకున్నది గాలి లెక్క చూపే యాప్. అంకె ఎంత పెరిగితే గాలి అంత చెడ్డది. మంచి గాలికి పచ్చ రంగు, తర్వాత పసుపు, తర్వాత ఎరుపు. పద్నాలుగు నెలలు, రోజూ పొద్దున ఏడింటికి, ఐదు అంకెలు నోటుబుక్కులో రాశాను. మా ఊరు, హైదరాబాద్, ఢిల్లీ, సింగపూర్, స్విట్జర్లాండ్‌లో ఏదో ఒక పట్నం. మేము ఎక్కువ రోజులు సింగపూర్ పక్కనే ఉండేవాళ్లం. సంత రోజున ప్లాస్టిక్ సంచులు కాళ్లకు చుట్టుకునే మా ఊరు సింగపూర్ పక్కన! ఆ సంగతి నేను బస్టాండులోనూ చెప్పాను, రేషన్ దుకాణం వరుసలోనూ చెప్పాను. అంతటితో ఆగినా బాగుండేది. హైదరాబాద్‌లో ఉన్న మా అక్కకు కూడా చెప్పాను.

అక్కకు ఉబ్బసం. బస్సులు తిరిగే రోడ్డు మీద, రెండో అంతస్తులో ఉంటుంది. గాలి మార్పు ఉంటే మంచిదని డాక్టర్ అన్నాడట.

"మీకు ఇవాళ పసుపు అక్కా. మాకు పచ్చ. వచ్చి మూడు నెలలుండు" అన్నాను.

"నీ లెక్క ఎప్పుడూ తప్పలేదు గదా తమ్మీ. వస్తా" అంది.

మార్చి సగంలో వచ్చింది. ఆమె వచ్చే ముందు రోజు మేము ఇల్లంతా శుభ్రం చేశాం. నా భార్య వాకిలి అలికింది. నేను ఇంటి వెనక ఉన్న మా పదకొండు ఇప్పచెట్ల కిందకు వెళ్లి ఎండుటాకులకు నిప్పు పెట్టాను. మా దగ్గర అందరూ చేసే పనే అది. ఆకు కాలితే నేల నల్లగా, నున్నగా తేలుతుంది. తెల్లవారుజామున రాలిన ఇప్పపువ్వు ఏరుకోవడానికి ఆ నలుపు మీద ఒక్కొక్కటీ కనిపిస్తుంది. తేలు ఉన్నా కనిపిస్తుంది. నా దృష్టిలో అది చీపురు పట్టి ఊడ్చినట్టే. మురికి గాలి అంటే లారీల పొగ, ఫ్యాక్టరీల పొగ అనుకునేవాణ్ణి. ఆకుల పొగను ఆ జాబితాలో వేసుకోవాలని ఒక్కసారి కూడా తట్టలేదు.

అక్క బస్సు దిగి ఇంటి దగ్గరకు వస్తూనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏంది తమ్మీ, ఎవరిదన్న ఇల్లు అంటుకున్నదా?"

"లేదక్కా. నువ్వొస్తున్నవని శుభ్రం చేసిన."

నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి తిరిగింది.

నేను చేతిగడియారం పెట్టి ఆమె ఊపిరి లెక్కపెట్టాను. కదలకుండా కూర్చుంటే నిమిషానికి ఇరవై రెండు. నాలుగో రోజుకు ఇరవై ఎనిమిది. రోజుకు రెండుసార్లు పీల్చే మందు ఆరుసార్లు పీలుస్తోంది. అప్పటికి మా మంటలు ఆరాయి గానీ అటు పక్కవాళ్లవి, ఇటు పక్కవాళ్లవి మొదలయ్యాయి. ఫోన్ తీస్తే పచ్చ. ఆ పచ్చను తీసుకుపోయి ఆమెకే చూపించాను, నా తెలివి అట్లా ఏడ్చింది.

"నాకెందుకు చూపిస్తవు? నా ఊపిరితిత్తులకు చూపియ్యి. వాటికి చదువు రాదేమో" అంది.

నా భార్య వంట వదిలి వచ్చి, "ఆ ఫోన్ అవతల పెట్టి వదినకు వేన్నీళ్లు తెస్తవా, నన్నే తెమ్మంటవా?" అని కసిరింది.

ఐదో రోజు మందు కోసం ఉసూర్ వెళ్లాను. అక్కడ బజారులో పొగ లేదు. అలవాటుకొద్దీ ఫోన్ తీశాను. పొద్దున ఇంట్లో చూసిన అంకే ఉంది. ఇంటికి ఫోన్ చేసి, అదే యాప్ ఉన్న నా భార్య ఫోన్‌లో చూడమన్నాను. అదే అంకె. పొగలో మునిగిన ఇంటికీ, పొగలేని బజారుకూ ఒకే అంకె ఎట్లా వస్తుంది? తెరను కిందికి జరుపుతూ పోతే అడుగున సన్న అక్షరాల్లో ఉంది సంగతి. మా చుట్టుపక్కల గాలిని కొలిచే యంత్రమే లేదు. ఎక్కడో దూరాన ఉన్న యంత్రాలను బట్టి కట్టిన అంచనా అది.

పద్నాలుగు నెలలు! బీడీలకు తునికాకు కొనే కల్లంలో లెక్కలు రాసేవాణ్ణి, కట్టకు యాభై ఆకులున్నాయో లేదో విప్పి చూడకుండా రాసుకోను నేను. ఈ గాలిని ఎవరు కొలిచారు, ఎక్కడ కొలిచారు అని మాత్రం అడగలేదు. మందు చీటీ చేతిలో పెట్టుకుని బజారు మధ్యలో నన్ను నేనే తిట్టుకున్నాను.

తిరిగొచ్చి ఇల్లిల్లూ తిరిగాను. మా వాడలో ఇరవై ఆరు ఇళ్లు. అందరికీ ఇప్పచెట్లున్నాయి. ఒక్కో చెట్టు ఒక్కో రోజున ఆకు రాలుస్తుంది గనక ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో రోజున కాలుస్తారు. అంటే ఇంచుమించు నెల రోజుల పొగ. ముందు వరసకు మామ అయ్యే పక్కింటి ముసలాయన దగ్గరకు వెళ్లాను.

"మామా, ఈసారి కాల్చొద్దు. ఊడ్చుకుందాం."

"నాయి ఎన్ని చెట్లు?"

"ఇరవై రెండు."

"లెక్క నీకే తెల్సు గదా అల్లుడా. ఊడ్వనీకి ఎవరొస్తరు, నీ ఫోనొస్తదా?"

లోపల్నుంచి అత్త అందుకుంది. "మొన్న అందరికంటె ముందు అంటువెట్టింది నువ్వే. మీది కాలితె శుభ్రం, మాది కాలితె పొగనా?"

వచ్చి మా చెట్లలో ఒకదాని కింద ఊడ్చి చూశాను. యాభై నిమిషాలు పట్టింది. మర్నాటికి మళ్లీ ఆకు పరుచుకుంది. మామ ఇరవై రెండు చెట్లకు పద్దెనిమిది గంటలు దాటుతుంది, అదీ ఒక విడతకు. ముసలివాళ్లిద్దరు. నేను అడిగింది అన్యాయమని నా లెక్కే తేల్చింది. సరే, అందరూ ఒకే రోజున కాల్చండి, ఆ రోజు అక్కను ఎటైనా తీసుకుపోతాను అన్నాను. మనుషులు కొందరు ఒప్పుకున్నారు. చెట్లు ఒప్పుకోవాలిగా!

తొమ్మిదో రోజు ఊపిరి ముప్పై రెండు. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఉసూర్ ఆసుపత్రిలో ముక్కుకు గొట్టమున్న తొడుగు పెట్టి మందు పొగ పట్టారు. తేరుకున్నాక డాక్టర్ హిందీలో ఒక్క మాటే అన్నాడు, ఈమెను ఇక్కడ ఉంచవద్దని. మర్నాడే బయల్దేరాం.

బస్సులో అక్క కళ్లు మూసుకునే అంది. "హైదరాబాద్ ఎందుకు తమ్మీ, ఢిల్లీకే తీసుకపో. ఇంకా మంచిగుంటదేమో."

మూడో రోజుకు ఆమె ఇంట్లో, ఆ బస్సుల మోత మధ్య, లెక్క పంతొమ్మిదికి దిగింది. నాకు సంతోషమూ, కోపమూ కలిసే వచ్చాయి.

"ఇక్కడ గాలి మంచిదని కాదు" అంది అక్క. "పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఆరింటికి కిటికీలు మూస్తా. ఏ టైముకు మూయాలెనో నాకు ఎరుకే. మీ దగ్గర ఏం మూయాలె? పెంకుల సందుల్లనుంచి గూడ పొగొస్తది." మళ్లీ తనే అంది. "రావద్దని లేదు. ఎప్పుడు రావాల్నో సరిగ్గ చూసి చెప్పు."

ఇంటికొచ్చి పన్నెండు నెలలూ వేళ్ల మీద లెక్కపెట్టాను. చలికాలమంతా ప్రతి వాకిట్లో నెగడు. తర్వాత ఇప్పపువ్వు. తర్వాత తునికాకు లేత చిగుళ్ల కోసం పొదలకు నిప్పు. ఆ వెనకే చేలల్లో మంట. వానలు పడితే బయట పొగ ఉండదు గానీ తడి కట్టెలతో ఇంట్లోనే ఉంటుంది. సంవత్సరమంతా వెతికితే వానలు ఆగాక, చలి ముదరక ముందు, ఇరవై రోజులు మిగిలాయి. ఇన్నాళ్లూ గొప్పలు చెప్పుకున్న గాలిలో మా అక్క పీల్చుకోగలిగింది ఇరవై రోజుల గాలి!

ఫోన్ చేసి చెప్పాను. "ఇరవై రోజులైతే ఇరవై రోజులే. వస్తా" అంది.

పక్కనే పొయ్యి ఊదుతున్న నా భార్య, కళ్లు తుడుచుకుంటూ నా వైపు తిరిగింది. "వదిన ఆ ఇరవై రోజులు ఈ పొయ్యి పక్కన్నే కూసుంటదా? సిలిండర్ అయిపోయి ఏడు నెలలాయె. దాని మీద నువ్వే చింతపండు మూట పెట్టినవు."

ఏడు నెలలుగా ఆ పొయ్యి దగ్గర కూర్చుని పొగ పీలుస్తున్నది ఆమె. ఆమె ఊపిరి నేను ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. మూట దించి, ఖాళీ సిలిండర్‌ను బండికి కట్టాను.

"ఇప్పుడే పోవుడా? వదిన వచ్చేది ఎప్పుడో గదా" అంది.

"ఇప్పుడే" అన్నాను.